తెరమీది చదువు, చేతిలోని చదువు

ఈ కాలమున మన రాష్ట్రమున విద్యాభివృద్ధిని కోరువారిలో ఒక క్రొత్త విశ్వాసము ప్రబలుచున్నది. తరగతిగది గోడకు వెలిగెడు తెర నొకదానిని అమర్చి, దానిమీద కదలెడు బొమ్మలను బాలబాలికలకు చూపినచో విద్య తనంతట తానే వచ్చి వారి బుద్ధులలో ప్రవేశించునని ఆ విశ్వాసము. తాయెత్తు కట్టిన జ్వరము పోవునని నమ్మిన మన పెద్దలను పరిహసించినవారము మనము. నేడు మనమే మన బిడ్డల యజ్ఞానమునకు తెరను తాయెత్తుగా కట్టుచున్నాము. తాయెత్తు వలని పెద్ద కీడు తాయెత్తులో లేదు. అది కట్టితిమి గదా యని వైద్యుని పిలువకపోవుటలో ఉన్నది. తెర విషయమునను నేను చెప్పదలచినది ఇదియే.

నేను వీడియో పాఠములకు విరోధిని కాను. వానిని నా తరగతిలో వాడుచున్నవాడనే. బడిలో బొమ్మలేమిటని ఈసడించు ఛాందసులు ఈ వ్యాసమును తమకు ఆధారముగా చేసికొనకుందురు గాక. నా వాద మొక్కటే. బాలుడు తన చేతులతో చేయవలసిన పనికిని, తన నోటితో అడుగవలసిన ప్రశ్నకును బొమ్మ సేవ చేసినంతవఱకు మేలు. ఆ పనికిని ఆ ప్రశ్నకును బదులుగా బొమ్మ వచ్చి కూర్చున్ననాడు కీడు. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతుల విషయమున ఈ భేదము మిక్కిలి ముఖ్యమైనది. ఏలనన, పదునొకండు మొదలు పదుమూడేండ్ల వఱకు గల ఈ వయస్సుననే పిల్లలు కంటికి కనబడు వస్తువులనుండి కనబడని భావములకు దాటుదురు. రొట్టెముక్క భిన్నమగును; వాన నీరు ఆవిరి, మేఘము, వర్షము అను చక్రమగును; తాత చెప్పిన కథ చరిత్ర యగును. ఈ దాటుటలో చేయి పట్టుకొనువారు లేక జాఱిపడిన బిడ్డ, చదువు నాకు రాదని తనకు తానే తీర్పు చెప్పుకొనును. ఆ తీర్పు చెప్పుకొన్న మగబిడ్డ మా పల్నాటిలో ట్రాక్టరు వెంటను, ఆడుబిడ్డ మిఱపకోతలకును పోవుదురు. ఆడుబిడ్డ త్రోవకు చివర పెండ్లిపందిరి కూడ సిద్ధముగా నుండును. కావున మనము మాటలాడుచున్నది బోధనోపకరణములను గుఱించి మాత్రమే కాదు.

జరిగినదేమో ముందు చూతము. 2022 డిసెంబరు 21వ తేదీని బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభించి, ప్రభుత్వ పాఠశాలలలోని 8వ తరగతి విద్యార్థులు సుమారు 4,60,000 మందికిని, ఉపాధ్యాయులు సుమారు 59,000 మందికిని ట్యాబులు పంచిపెట్టిరి. బైజూస్ అను కంపెనీవారి వీడియో పాఠములను వానిలో నింపిరి. మఱుసటి సంవత్సరము అదే తేదీని అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండవ పంపకము మొదలయ్యెను. 2023లోనే 6వ తరగతి మొదలుకొని పై తరగతుల గదులలో 30,000కు పైగా పెద్ద తెరలను అమర్చుటకు పూనుకొనిరి. 2024 జూలైలో బెంగుళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ పాఠముల కంపెనీపై దివాలా విచారణను స్వీకరించెను.

పేదవాని బిడ్డ చేతికి ధనికుని బిడ్డ చేతిలోని వస్తువు వచ్చినదని గొణుగువారిలో నేను చేరను. ఆ సంకల్పము మంచిదే. అయినను ఒక ప్రశ్న అడుగక తప్పదు. ప్రతి తరగతికి ఒక త్రాసు, నాలుగు భూతద్దములు, ఒక ఉష్ణమాపకము, ఒక కొలతటేపు పంపవలెనను మాట ఆ సభలలో ఎంత బిగ్గరగా వినబడినది? తెరకు సభలు, పూలదండలు, ఛాయాచిత్రములు. త్రాసునకు ఏవియు లేవు. మఱియు, ఎక్కడనో ఒక కంపెనీ కుప్పకూలినంత మాత్రమున ఇక్కడ పాఠము కుంటుపడునేని, ఆ పాఠము ఏనాడును మన చేతిలోనిది కాదన్నమాట.

ఈ ఆశయు క్రొత్తది కాదు. 1913లోనే అమెరికాదేశమున చలనచిత్ర యంత్రములను నిర్మించిన థామస్ ఎడిసన్, పాఠశాలలలో పుస్తకములకు త్వరలో కాలము చెల్లుననియు, పదియేండ్లలో విద్యావిధాన మంతయు మాఱిపోవుననియు చెప్పెను. నూఱేండ్లు దాటినవి, పుస్తకము బడిలోనే యున్నది. పిమ్మట రేడియో, టెలివిజను, కంప్యూటరు ఒకదాని వెనుక నొకటి అదే వాగ్దానముతో వచ్చినవి. మన దేశమున 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, అమెరికా ఉపగ్రహము నొకదానిని ఎరవు తెచ్చుకొని, సైట్ అను టెలివిజను ప్రయోగమును నడపిరి. ఆంధ్రప్రదేశముతో కూడ ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ఉదయము పిల్లలకును సాయంకాలము పెద్దలకును కార్యక్రమములు వారి వారి భాషలలో ప్రసారమయ్యెను. ఆ ప్రయోగమున మనము జ్ఞాపకముంచుకొనవలసిన భాగ మొకటి కలదు. విజ్ఞానశాస్త్రమును బోధించుటలో ప్రాథమికోపాధ్యాయులకు శిక్షణ నిచ్చునపుడు, టెలివిజనుతో రేడియోను, ముద్రిత పాఠములను, స్వయముగా చేయవలసిన ప్రయోగములను జతపఱచి, 40,000 మందికి పైగా ఉపాధ్యాయులకు తరిఫీదు నిచ్చిరి. అనగా తెర యొక్కటియే చాలదని మన శాస్త్రజ్ఞులు ఏబదియేండ్ల క్రిందటనే ఎఱిగియుండిరి. వారెఱిగిన దానిని మనము మఱచి, మరల మొదటి మెట్టుమీద నిలుచుండి ఆశ్చర్యపడుచున్నాము.

తెరపక్షమువారి మొదటి వాద మేమన, వీడియో పెట్టినతోడనే తరగతి నిశ్శబ్దమగును, పిల్లలు కన్నార్పక చూతురు, కావున నేర్చుకొనుచున్నారు అని. నిశ్శబ్దమును జ్ఞానమని భ్రమించుట మన బడులకు పాత రోగము. పూర్వము బెత్తముచే నిశ్శబ్దమును సంపాదించెడివారము. ఇప్పుడు బొమ్మచే సంపాదించుచున్నాము. బొమ్మ బెత్తముకంటె దయగలది, నిజమే. కాని తోలుబొమ్మలాట చూచినవారందఱును రామాయణ పండితులు కాలేదు. మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు సెలవులో నున్న దినమున ఏడవ తరగతి నాకు అప్పగింపబడెను. గుండె పనిచేయు విధమును చూపెడు వీడియోను పిల్లలు ముచ్చటగా చూచిరి. అర్థమైనదా యని అడుగగా అయినదని అందఱును ఒక్క గొంతుతో పలికిరి. మీ గుండె నిమిషమునకు ఎన్నిసార్లు కొట్టుకొనుచున్నదని అడుగగా ఒక్కరును పలుకరైరి. మణికట్టుమీద వ్రేళ్లుంచి నాడిని లెక్కించుట నేర్పి, లెక్కను నల్లబల్లమీద వ్రాయించి, ఆటస్థలము చుట్టు ఒకసారి పరుగెత్తి వచ్చి మరల లెక్కింపుడంటిని. రెండవ లెక్క హెచ్చుగా వచ్చెను. అపుడొక బాలిక, కాళ్లు గదా పరుగెత్తినవి, గుండె ఏల తొందరపడినదని అడిగెను. ఆ ప్రశ్న పుట్టిన పిమ్మట అదే వీడియోను మరల పెట్టితిమి. మొదట చూచినది వినోదము. రెండవసారి చూచినది సమాధానము. వీడియో మాఱలేదు; చూచువారు మాఱిరి. వారిని మార్చినది వారు చేసిన పని.

సంస్కృత విద్యాసంప్రదాయమున విద్యను నాలుగు పాదములుగా విభజించి చెప్పిన ప్రాచీనాభిప్రాయ మొకటి కలదు. ఒక పాదము గురువు వలనను, ఒక పాదము తన మేధ వలనను, ఒక పాదము తోడి విద్యార్థుల వలనను, తక్కిన పాదము కాలక్రమమునను లభించునని దాని తాత్పర్యము. ఈ విభాగమును చేతబట్టుకొని తెరను పరీక్షింపుడు. అది ఎంత గొప్పదైనను గురుపాదములో కొంత భాగమును మాత్రమే పూరింపగలదు. అంతయు పూరింపలేదు, ఏలనన గురువు చెప్పుచు శిష్యుని ముఖమును చూచును, కనుబొమలు ముడివడిన చోట ఆగును, మఱియొక మాటతో మరల చెప్పును. తెరకు శిష్యుని ముఖము కనబడదు. ఇక తక్కిన మూడు పాదముల సంగతి యేమి? చేసి చూచుట స్వమేధకు సంబంధించినది. తోడివానితో వాదించుట సహాధ్యాయులకు సంబంధించినది. తప్పి, ఆగి, మఱునాడు మరల ప్రయత్నించుట కాలమునకు సంబంధించినది. ఈ మూడును పని వలననే కలుగును. మన సనాతనులు వల్లె వేయించి ఈ మూడు పాదములను వదలివేసిరి. మన నవీనులు తెరను చూపి అవే మూడు పాదములను వదలివేయుచున్నారు. ఒకరు చెవిని నింపిరి, ఒకరు కన్నును నింపుచున్నారు. చేయి మాత్రము ఇరువురి బడిలోను ఒడిలోనే యున్నది.

పనికి సామగ్రి యెక్కడిదని అడుగువారికి మా ఊరినే చూపెదను. వెల్దుర్తి పల్నాటి మెట్టసీమలోనిది. ఈ సీమ సున్నపురాతికి పుట్టినిల్లు. మాచర్ల నాపరాయి ఇండ్లకు నేలయైనది, అరుగైనది. పిడుగురాళ్ల బట్టీలలో సున్నపురాయి కాలి సున్నమై నలుదెసలకు పోవుచున్నది. ఇట్టి సీమలోని బాలుడు, ఆమ్లము తగిలినపుడు సున్నపురాయి నురుగు గ్రక్కుటను ఎక్కడనో తీసిన వీడియోలో చూచుచున్నాడు. కూర్చున్నది నాపరాతి మీద. చూచుచున్నది నాపరాతి బొమ్మ! రాతిముక్క నొకదానిని పొడిచేసి నిమ్మరసము పిండిన చాలును, బుడగలు లేచును. కిళ్లీకొట్టు సున్నమును నీటిలో కలిపి, పేరుకొననిచ్చి, పైతేటను తీసి, ఉపాధ్యాయుని యెదుట గొట్టముతో దానిలోనికి మెల్లగా ఊదినచో ఆ తేట పాలవలె తెల్లనగును. నిమ్మరసము రాతినుండి వెడలగొట్టిన వాయువే మన ఊపిరిలోను ఉన్నదని దీనివలన తెలియును. బట్టీలో రాయి కాలునపుడును ఇదే వాయువు వెడలునా యని అడిగిన బాలుడు రసాయనశాస్త్రపు గడప దాటినవాడు. వీడియో రావలసినది అప్పుడు. ఏ కన్నును చూడజాలని అణువుల కూడికను విడికను చూపుటకు. అది తెరకు తగిన పని. నిమ్మకాయ పిండుట తెరకు తగిన పని కాదు.

సాంఘికశాస్త్రమును చూడుడు. 1955 డిసెంబరు 10వ తేదీని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీని ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. ఈ తేదీలను వీడియో చక్కగా చెప్పును. కాని అంత పెద్ద జలాశయము చెంతనే యున్నను వెల్దుర్తి మెట్టపొలములలో అనేకములు వాన కొఱకు ఆకాశము వంక ఏల చూచుచున్నవి? మా పెద్దలు దశాబ్దములుగా వరికపూడిసెల ఎత్తిపోతలను ఏల కోరుచున్నారు? 2023 నవంబరులో మాచర్లలో ఆ పథకమునకు శంకుస్థాపన జరిగినపుడు ఎత్తిపోయుట యను మాటకు మా పిల్లలు ఏమి అర్థము చెప్పుకొనిరి? తాపీమేస్త్రీ వాడెడు నీటిమట్టపు గొట్టమును ఒక పూట ఎరవు తెచ్చి, బడి ఆవరణములో ఏ మూల మెరకయో ఏ మూల పల్లమో పిల్లలచేత కొలిపింపుడు. నీరు తన మట్టమును తాను వెదకికొనుననియు, మెరకకు ఎక్కవలెనన్న శక్తి కావలెననియు, ఆ శక్తికి డబ్బు కావలెననియు వారే చెప్పుదురు. అపుడు ఆనకట్ట వీడియోను చూపుడు. తమ తండ్రుల కష్టమునకు భూగోళశాస్త్రములో చోటు గలదని తెలిసికొన్న బిడ్డలు ఆ పాఠమును మఱువరు.

గణితమునకు కల్లము చాలును. ఒక కిలో పండుమిఱపకాయలను తూచి, ఎండబెట్టి, దినదినము మరల తూచి వ్రాసికొన్న బాలిక శాతమనగా నేమో జన్మలో మఱువదు. కాయలో తేమ యున్నదని వ్యాపారి తూకములో కోసిన కోత న్యాయమో కాదో కూడ ఆమె తన తండ్రికి చెప్పగలదు. భాషాబోధకుడనైన నా తరగతిలో పిల్లలు తమ తాతలను అడిగి గొఱ్ఱు, గుంటక, దంతె మొదలగు పనిముట్ల పేర్లను, వాని భాగముల పేర్లను సేకరించి నిఘంటువు నొకదానిని వ్రాయుచున్నారు. దీనికి వీడియో అక్కఱలేదు. కాని పల్నాటివీరుల కథను కారంపూడి ఉత్సవములలో పాడెడు విద్యావంతులను నేను తరగతికి తేలేను. వారి కంఠమును, తాళమును పిల్లలకు వినిపించుటకు తెరను సంతోషముతో వెలిగింతును. పల్లెలో దొరకనిది, కన్నుచూడనిది, అపాయకరమైనది, మిక్కిలి మెల్లగానో మిక్కిలి వేగముగానో జరుగునది, ఇట్టివి తెరకు. ముంగిట దొరకునది చేతికి. ఈ విభాగము చేసికొన్న ఉపాధ్యాయునకు తెరయు పనియు పోట్లాడుకొనవు.

ఇక సంస్కారాభిమానులు ముఖ్యముగా ఆలోచింపవలసిన విషయము. బ్రహ్మనాయుడు చాపకూటిలో అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెనని పల్నాటివారము గర్వముతో చెప్పుకొందుము. కాని బడిలో ఏ బిడ్డ ఎవరి ప్రక్కన తనంతట తాను కూర్చుండునో చూచిన ఉపాధ్యాయునకు ఊరిలోని వాడల పటము పలుమాఱు కనబడును. తెర ముందు ఆ పటము చెక్కుచెదరదు. అందఱును ఒకే వంక చూతురు, ఒకరివంక నొకరు చూడరు. నలుగురేసి జట్లుగా చేసి, ఒకరికి త్రాసు, ఒకరికి కొలత, ఒకరికి వ్రాత, ఒకరికి అడుగుట అని పనులు పంచి, వారము వారము మార్చినచో, ఒకే గిన్నెలోని నీటిని అన్ని వాడల చేతులును ముట్టవలసి వచ్చును. నా లెక్క తప్పని వడ్రంగి కొడుకును కమతగాని కొడుకు అడుగవలసి వచ్చును; మాల మాదిగ వాడలనుండి వచ్చిన బిడ్డ చెప్పిన సమాధానము సరియైనదైనచో అందఱును వ్రాసికొనవలసి వచ్చును. సమత్వమును గుఱించి నూఱు వీడియోలు చూపుటకంటె ఇది బలమైన పాఠము.

ఆడుపిల్లల సంగతియు ఇట్టిదే. అనేక పాఠశాలలలో ప్రయోగము మగపిల్లల చేతులలోను, పట్టిక వ్రాత ఆడుపిల్లల చేతులలోను, తుదకు గది ఊడ్చుట కూడ ఆడుపిల్లల చేతులలోను నడచును. ఇంట నేర్చిన అలవాటును బడి ధ్రువపఱచుట ఇది. తెర ఈ అన్యాయమును చేయదు, నిజమే. కాని దీనిని దిద్దనుకూడ దిద్దదు. బ్యాటరీకి తీగె చుట్టి దీపము వెలిగించిన బాలికకు, యంత్రము మగవాని సొత్తని ఎవరు చెప్పినను నవ్వు వచ్చును. ఆ నవ్వు రావలెననియే నేను ఇంత వ్రాయుచున్నాను.

అయితే పని యను పేర జరుగుచున్న వంచనను దాచుట న్యాయము కాదు. 2012 మొదలు వచ్చిన పాఠ్యపుస్తకములలో కృత్యములకును, ప్రాజెక్టులకును పెద్ద పీట వేసిరి. ఉద్దేశము ఉత్తమము. ఫలితము అంగళ్లలో కనబడినది: సిద్ధముగా వ్రాసియుంచిన ప్రాజెక్టు పుస్తకములు అమ్మకమునకు వచ్చెను. థెర్మకోలుతో తండ్రి చేసిన సౌరకుటుంబమునకు కొడుకునకు మార్కులు వచ్చెను. కొన్ని సంవత్సరములు బడిలోని ప్రతి విషయమునకును, మధ్యాహ్న భోజనము మొదలు మరుగుదొడ్ల వఱకు, ఛాయాచిత్రము తీసి యాప్‌లో ఎక్కింపవలసిన కాలము నడచెను. అట్టి అలవాటులో పడిన చోట పని ఛాయాచిత్రము తీయువఱకే సాగును. చిత్రము తీసినతోడనే గిన్నెలు లోపలికి పోవును. ఇట్టి పనికంటె మంచి వీడియో మేలని నేనే ఒప్పుకొందును. పిల్లవాడు ముందుగా ఊహింపక, ఫలితము తెలియక, తప్పుటకు అవకాశము లేక చేసినది పని కాదు. అది కూడ బొమ్మయే, తెరలేని బొమ్మ.

నిజమైన పని మన దేశపు ప్రభుత్వ పాఠశాలలలో సాధ్యమా యనువారికి దృష్టాంతములు గలవు. మదనపల్లె దాపున రిషివ్యాలీవారు పల్లె బడుల కొఱకు పనిచీట్ల విధానమును రూపొందించిరి. అది ఇతర రాష్ట్రములకును ప్రాకెను. 1980ల నాటి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము, చేయుచు నేర్చుకొనుటను, పరిసరములను వాడుటను ఉపాధ్యాయులకు సూత్రములుగా బోధించెను. మన మాధ్యమిక తరగతులకు అన్నిటికంటె దగ్గఱి దృష్టాంతము మధ్యప్రదేశములోని హోషంగాబాదు. అచట 1972లో 16 పాఠశాలలలో, 6, 7, 8 తరగతులకు, విజ్ఞానశాస్త్రమును కేవలము ప్రయోగముల ద్వారా నేర్పు కార్యక్రమము మొదలయ్యెను. ఇంటి వస్తువులతో పెట్టె, చేసి చూచి వ్రాయవలసిన పుస్తకము, నెలనెలకు ఉపాధ్యాయుల సమావేశము, పుస్తకము చూచుకొని వ్రాయదగిన పరీక్ష, చేతిపని పరీక్ష, ఇవి దాని అంగములు. అది ముప్పదియేండ్లలో వందలాది ప్రభుత్వ పాఠశాలలకు వ్యాపించెను. 2002లో ప్రభుత్వమే దానిని నిలిపివేసెను. పిల్లలు చేయలేక కాదు, పల్లెటూరి ఉపాధ్యాయులు నేర్పలేక కాదు. ఇట్టి విధానము ఒక్క ఉత్తరువుతో ఆగిపోగలదని దీనివలన తెలియుచున్నది; తెరను కొనుట ఒక్కనాటి పని, పనిని నిలుపుకొనుట దినదినము చేయవలసిన పని. పరీక్షను మార్చక బోధనను మార్చలేమని కూడ వారు తమ నడవడిచే చూపిరి. మనమో, తెరమీద క్రొత్త పాఠమును చూపి, పాత ప్రశ్నపత్రమునే ఇచ్చుచున్నాము.

పాఠ్యభాగములు పూర్తిచేయుటకే కాలము చాలదు, పనికి కాలమెక్కడిదని ఉపాధ్యాయ సోదరులు అందురు. పూర్తియగునది పుస్తకమా, పిల్లవాని గ్రహణమా? నలువది నిమిషములలో మూడు వీడియోలు చూపి మూడు శీర్షికలకు గుఱుతు పెట్టినవాడు పూర్తిచేసినది దినచర్య పుస్తకము మాత్రమే. పట్టణములోని ఉత్తమోపాధ్యాయుని పాఠము పల్లెకు వచ్చుచున్నది గదా యని మఱికొందఱు. రానిండు, అయితే ఆ పాఠమును ముందుగా చూడవలసినవాడు ఉపాధ్యాయుడు. ముందటి రాత్రి ఇంట చూచి, అందులోని ఉపమానమును, పటమును గ్రహించి, మఱునాడు తన పల్లెమాటలలో, తన పిల్లల ముఖములు చూచుచు చెప్పినచో ఆ వీడియో ఫలించినట్లే. తెర వలన మొట్టమొదట లాభపడవలసినది గురువు. అతనికి బదులుగా తెర నిలిచినచో లాభపడునది ఖాళీగా నున్న ఉపాధ్యాయ పదవులను నింపకయే కాలము గడపదలచిన యధికారము మాత్రమే.

ఏమి చేయవలెనో చెప్పక నిందించి వదలుట నా యుద్దేశము కాదు. మొదటిది, ప్రశ్న లేనిదే తెర వెలుగరాదు. ఏమి జరుగునని పిల్లలు ముందుగా ఊహించి పలకమీదనో పుస్తకములోనో వ్రాసికొనవలెను. రెండవది, వీడియో అయిదాఱు నిమిషములకు మించరాదు; ఆ కాలములోనే రెండు మూడుసార్లు ఆపి, తరువాత ఏమగునని అడుగవలెను. అపుడపుడు ధ్వనిని తీసివేసి, బొమ్మకు మాటలు పిల్లలచేతనే చెప్పింపవలెను. ఇంగ్లీషుననైనను తెలుగుననైనను ఇంతకంటె మంచి భాషాభ్యాసము లేదు. మూడవది, చూచిన దానికి సంబంధించిన పని అదే దినమున గాని మఱునాడు గాని చేతికి రావలెను. నాలుగవది, ప్రతి పరీక్షలోను, చేసి చూచినవాడే వ్రాయగల ప్రశ్న ఒకటియైన ఉండవలెను. వీనిలో ఏ యొక్కదానికిని క్రొత్త యంత్రము అక్కఱలేదు. అక్కఱయైనది ఉపాధ్యాయునకు కొంత స్వాతంత్ర్యము, కొంత కాలము, ఒక త్రాసు, కొన్ని గిన్నెలు.

గృహస్థులగు చదువరులకు తుదిగా ఒక మనవి. మీ బిడ్డ బడినుండి వచ్చినపుడు ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుదురు. నేడు ఏ వీడియో చూపిరని కూడ అడుగుచున్నారు. వానికి బదులుగా, నేడు ఏమి చేసితివి, ఏమి అడిగితివి యని రెండు మాటలు అడుగుడు. సున్నపు మరకలతోనో, మట్టి చేతులతోనో వచ్చిన దినమున బట్టలు పాడైనవని కోపపడకుడు. ఆడుబిడ్డ విషయమున మఱింత ఓర్పు వహింపుడు. తల్లిదండ్రుల సంఘమునకు పిలుపు వచ్చినపుడు వెళ్లి, తెర పనిచేయుచున్నదా యని అడిగిన నోటితోనే త్రాసు ఎక్కడ నున్నదని అడుగుడు. బీరువాలో భద్రముగా నున్నదని చెప్పినచో తాళము తీయింపుడు. అడుగువారున్న ఊరిలో బడి మాఱును. మన బిడ్డలకు అడుగుట నేర్పదలచిన మనము మొదట అడుగుట నేర్చుకొందము.